చిన్న పిల్లలతో రామోజీ ఫిల్మ్ సిటీ, వండర్‌లా వెళ్తున్నారా? టికెట్ తీసుకునే ముందే ఇవి తెలుసుకోండి..

సెలవులు వచ్చాయంటే చాలు.. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకే కాదు, విజయవాడ, వరంగల్, కర్నూలు నుంచి వచ్చే కుటుంబాలకు కూడా ముందుగా గుర్తొచ్చే పేర్లు రెండు. ఒకటి రామోజీ ఫిల్మ్ సిటీ, రెండోది వండర్‌లా. కాలేజీ పిల్లలైతే పొద్దున లోపలికి వెళ్లి, సాయంత్రం గేట్లు మూసేదాకా తిరుగుతారు. కానీ ఇంట్లో ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు బుడతలు ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది.

పొద్దున ఎంతో హుషారుగా గేటు దాటిన పిల్లలు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా ఏడుపు అందుకుంటారు. అన్నం వద్దంటారు, కింద దించితే నడవరు, ఎత్తుకుంటే ఊరుకోరు. చాలామంది తల్లిదండ్రులు దీన్ని మొండితనం అనుకుంటారు. నిజానికి అది నిద్ర, ఆకలి, ఎండ, శబ్దం.. ఈ నాలుగూ కలిసి వచ్చిన అలసట. వేలకు వేలు పెట్టి టికెట్లు కొన్నాం కాబట్టి అన్నీ చూసేయాలి, పైసా వసూల్ కావాలి అన్న ఆలోచనే చిన్నపిల్లల ట్రిప్‌ను పాడు చేస్తుంది. పిల్లల నిద్రని, తిండిని మధ్యలో పెట్టుకుని దాని చుట్టూ రోజంతా ప్లాన్ చేసుకుంటే మాత్రం సగమే చూసినా అందరూ నవ్వుకుంటూ ఇంటికి రావచ్చు. అదెలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు సైజు ఎంతో తెలుసుకోవాలి

రామోజీ ఫిల్మ్ సిటీ 1996లో మొదలైంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి పక్కన, అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఉంటుంది. ప్రపంచంలోనే అతిపెద్ద ఫిల్మ్ స్టూడియో కాంప్లెక్స్‌గా గిన్నిస్ రికార్డు దీని పేరు మీదే ఉంది. విస్తీర్ణం 1,600 ఎకరాల పైమాటే. మెయిన్ గేటు దగ్గర టికెట్ తీసుకున్నాక అసలు ప్రదేశానికి చేరడానికే బస్సు ఎక్కాలి. లోపల సెట్లు, గార్డెన్లు చూడటానికి మళ్లీ బస్సులే. అంటే రోజులో ఎన్నిసార్లు ఎక్కి దిగాల్సి వస్తుందో ముందే ఊహించుకోవచ్చు.

వండర్‌లా లెక్క వేరు. కేరళకు చెందిన ఈ సంస్థ కొచ్చి, బెంగళూరు తర్వాత 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో పార్క్ తెరిచింది. ఔటర్ రింగ్ రోడ్డుకు దగ్గర్లోనే ఉంటుంది. ఫిల్మ్ సిటీతో పోలిస్తే విస్తీర్ణంలో చాలా చిన్నది, బస్సుల గొడవ లేదు. కానీ ఇక్కడ ప్రధాన ఆకర్షణ రైడ్లు, నీళ్లు. ఈ రెండింటిలోనూ చిన్నపిల్లలకు పరిమితులు ఎక్కువ.

కాబట్టి ఎక్కడికి వెళ్లాలన్నది పెద్దల ఇష్టాన్ని బట్టి కాకుండా పిల్లల వయసును బట్టి నిర్ణయించుకోవడం మంచిది. మూడేళ్ల లోపు పిల్లలు మాత్రమే ఉంటే ఫిల్మ్ సిటీలో చూసి ఆనందించేవి ఎక్కువ. పదేళ్లు దాటిన అన్నో, అక్కో కూడా ఉంటే వండర్‌లాలో ఆ పెద్దపిల్లలకు పండగే. అయితే చిన్నవాళ్లను చూసుకోవడానికి ఒక పెద్దమనిషి పూర్తిగా కేటాయించాల్సి వస్తుంది.

ఏ వయసు పిల్లలకు ఏం నచ్చుతుంది?

ఏడాది లోపు పసిపిల్లలకు థీమ్ పార్క్‌తో పనిలేదు. వాళ్లకు అది కొత్త ముఖాలు, పెద్ద శబ్దాలు ఉన్న చోటు మాత్రమే. తప్పనిసరై తీసుకెళ్లాల్సి వస్తే రెండు మూడు గంటలకు మించకుండా చూసుకోవాలి.

ఏడాది నుంచి రెండేళ్ల వాళ్లకు కదిలేవి ఏవైనా ఇష్టమే. పక్షి, సీతాకోకచిలుక, ఫౌంటెన్, బస్సు.. వాళ్లకు ఇవే పెద్ద రైడ్లు. టికెట్‌తో సంబంధం లేకుండా ఒక ఫౌంటెన్ ముందు అరగంట నిలబడిపోతారు. అక్కడ నిలబడనివ్వడమే మంచిది.

రెండు నుంచి మూడేళ్ల మధ్య 'నేనే ఎక్కుతా, నేనే నడుస్తా' అనే దశ. ఎక్కువగా తప్పిపోయేదీ, పరుగెత్తి పడిపోయేదీ ఈ వయసులోనే. మూడు దాటితే క్యూలో కాసేపు ఆగగలరు, చెప్పింది అర్థం చేసుకోగలరు. మెల్లగా తిరిగే రైడ్లు, కార్టూన్ బొమ్మల ఆట స్థలాలు బాగా నచ్చుతాయి. అయితే నిజమేదో, నటన ఏదో పూర్తిగా తెలియని వయసు కూడా ఇదే. దెయ్యం వేషం వేసిన మనిషి వాళ్లకు నిజంగా దెయ్యమే.

వయసు కాదు.. ఎత్తే లెక్క

థీమ్ పార్కుల్లో రైడ్ ఎక్కనివ్వాలా వద్దా అన్నది తేల్చేది ఎత్తు. చాలా చోట్ల పిల్లల టికెట్‌కు కూడా ఎత్తునే ప్రమాణంగా తీసుకుంటారు. అందుకే బయల్దేరే ముందు రోజు ఇంట్లోనే చెప్పులు తీసేసి, గోడకు ఆనించి నిలబెట్టి కొలవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాల ప్రకారం రెండేళ్ల పిల్లల సగటు ఎత్తు 86 సెంటీమీటర్ల దగ్గర, మూడేళ్లకు 95, నాలుగేళ్లకు 103 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. పెద్ద రోలర్ కోస్టర్లకు అడిగే ఎత్తు వీటికంటే చాలా ఎక్కువ. అంటే నాలుగేళ్ల లోపు పిల్లలకు పెద్ద రైడ్లు లేనట్టే అని ముందే అనుకోవాలి.

'మా ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం, వదిలేయండి' అని రైడ్ ఆపరేటర్‌తో వాదించే తల్లిదండ్రులు ప్రతి పార్క్‌లోనూ కనిపిస్తారు. ఇది చాలా ప్రమాదకరం. రైడ్‌లో నడుం మీదకు వచ్చే బార్ పెద్దవాళ్ల తొడల దగ్గర ఆగిపోతుంది. పక్కన ఉన్న చిన్నపిల్లలకు, బార్‌కు మధ్య ఖాళీ అలాగే ఉండిపోతుంది. రైడ్ ఒక్కసారి కుదుపు ఇచ్చినా, వంగినా ఆ ఖాళీలోంచి జారిపోతారు. అలాంటప్పుడు ఎంత బలమైన చెయ్యి అయినా పట్టుకోలేదు. ఎత్తు బోర్డు దగ్గర మడమలు లేపి నిలబెట్టడం, మందపాటి బూట్లు వేయడం లాంటివి అస్సలు చేయొద్దు.

ఇక పిల్లలకు ఈ విషయం క్యూ చివర్లో కాకుండా ఇంట్లోనే చెప్పాలి. 'ఇది నువ్వు పెద్దయ్యాక ఎక్కుదాం కన్నా, ఇవాళ నీకు ఆ గుర్రం బొమ్మది' అని ముందే చెబితే ఏడుపు సగం తగ్గుతుంది. అరగంట లైన్లో నిలబడ్డాక వద్దంటే ఎవరికైనా కోపం వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి?

నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య వాతావరణం బాగుంటుంది. కానీ అదే సమయంలో క్రిస్మస్, న్యూ ఇయర్, సంక్రాంతి సెలవులు ఉంటాయి కాబట్టి రద్దీ విపరీతం. దసరా సెలవులు, వీకెండ్లూ అంతే. చిన్నపిల్లలకు స్కూల్ లీవులతో పనిలేదు. ఇది తల్లిదండ్రులకు దొరికే పెద్ద అవకాశం. సెలవులు లేని వారంలో మంగళవారమో, బుధవారమో ఒక రోజు లీవ్ పెట్టుకుని వెళ్తే క్యూలు తగ్గుతాయి, టికెట్ ధర కూడా చాలాసార్లు వీకెండ్ కంటే తక్కువే ఉంటుంది.

ఏప్రిల్, మే నెలల్లో తెలంగాణలో ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. ఆ రోజుల్లో మూడేళ్ల లోపు పిల్లలతో ఫిల్మ్ సిటీ లాంటి ఆరుబయట తిరిగే చోటుకు వెళ్లకపోవడమే మంచిది. వానాకాలంలో చల్లగా ఉంటుంది కానీ ఉరుములు, పెద్ద వాన వస్తే ఆరుబయట రైడ్లు, షోలు ఆపేస్తారు. మెట్లు, టైల్స్ జారుడుగా ఉంటాయి.

రోజు మొత్తాన్ని నిద్ర చుట్టూ ప్లాన్ చేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. పగటి కునుకు కూడా ఇందులో భాగమే. ఆ కునుకు ఎగ్గొడితే సాయంత్రం షో ఎంత బాగున్నా ఎవరూ చూడలేరు. అందుకే ప్లాన్ ఇలా ఉంటే బాగుంటుంది.

ఉదయం: గేట్లు తెరిచే టైమ్‌కే అక్కడ ఉండాలి. మొదటి రెండున్నర గంటలే పిల్లలు ఫుల్ ఎనర్జీతో ఉండే సమయం. చిన్నారికి బాగా నచ్చే రెండు మూడు అప్పుడే చూపించేయాలి. పెద్దవాళ్లకు నచ్చేవి తర్వాత చూసుకోవచ్చు.

ఉదయం 11.30: అందరికంటే ముందే భోజనం. ఒంటిగంటకు వెళ్తే రెస్టారెంట్లలో కూర్చోవడానికి చోటు దొరకదు, ఆకలితో ఉన్న పిల్లలు ఆగరు.

మధ్యాహ్నం 12.30 నుంచి 2 వరకు: నిద్ర. నీడ ఉన్న చోటు, ఏసీ ఉన్న రెస్టారెంట్ మూల, స్ట్రోలర్.. ఏదైనా సరే. ఈ గంటన్నర ఒక పెద్దమనిషి పాప దగ్గర ఉంటే మిగతావాళ్లు వాళ్లకు నచ్చినవి చూసి రావచ్చు.

మధ్యాహ్నం 2 నుంచి 4.30 వరకు: రెండో రౌండ్. ఒకటి రెండు మెల్లగా సాగేవి చాలు.

సాయంత్రం 5 లోపు: బయటికి. అందరూ ఒకేసారి బయల్దేరే టైమ్ వరకు ఆగితే బస్సు కోసం ఒక క్యూ, పార్కింగ్‌లో మరో క్యూ. నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని చంకనేసుకుని ఆ క్యూలో నిలబడటం ఎవరికైనా నరకమే.

దూరం నుంచి వచ్చేవాళ్లకు మరో దారి కూడా ఉంది. ఫిల్మ్ సిటీ లోపలే సితార, తార లాంటి హోటళ్లు ఉన్నాయి. ఖర్చు ఎక్కువే కానీ మధ్యాహ్నం గదికి వెళ్లి పడుకోబెట్టి మళ్లీ రావచ్చు. బడ్జెట్ లేకపోతే ముందు రోజు రాత్రి ఎల్బీనగర్, హయత్‌నగర్ వైపు చుట్టాల ఇంట్లోనో, లాడ్జిలోనో దిగినా పొద్దున ప్రయాణం తగ్గుతుంది.

ఫిల్మ్ సిటీలో బుడతలకు ఏది ఓకే? ఏది వద్దు?

బాహుబలి సెట్ చూడాలని నాన్నకు ఉంటుంది, పాటల్లో చూసిన గార్డెన్ల దగ్గర ఫొటోలు దిగాలని అమ్మకు ఉంటుంది. రెండేళ్ల బాబుకు బాహుబలి ఎవరో తెలియదు. వాడికి ఆ సెట్‌కు తీసుకెళ్లిన బస్సే గొప్ప. ఎయిర్‌పోర్ట్, రైల్వే స్టేషన్ లాంటి సెట్లు పెద్దవాళ్లకు సరదాగా ఉంటాయి, కానీ గైడ్ చెప్పే మాటలు చిన్నపిల్లలకు పట్టవు. కాబట్టి టూర్ మొత్తంలో ప్రతి స్టాప్‌లోనూ దిగాల్సిన పనిలేదు.

బర్డ్ పార్క్, సీతాకోకచిలుకల పార్క్, గార్డెన్లు, పిల్లల ఆటల కోసం ఉన్న ఫండుస్తాన్.. ఇవి చిన్నారులకు బాగుంటాయి. అయితే ఫండుస్తాన్ లాంటి చోట్ల పెద్దపిల్లలు పరుగులు పెడుతుంటారు. చిన్నవాళ్లను ఒంటరిగా వదిలేసి బెంచీ మీద ఫోన్ చూస్తూ కూర్చోవద్దు. ఎండలో ఉన్న జారుడుబల్లను, లోహపు కడ్డీలను ముందు మీ అరచేతితో తాకి చూడండి. మీకు చురుక్కుమంటే వాళ్ల లేత చర్మం కాలినట్టే.

ఇక బోరాసుర భయపెట్టడానికే కట్టింది. చీకటి, అరుపులు, భయంకరమైన బొమ్మలు ఉంటాయి. మూడేళ్ల పిల్లలు ఒకసారి భయపడితే ఆ తర్వాత కొన్ని రాత్రులు నిద్రలో ఉలిక్కిపడొచ్చు. 'ఏం కాదులే, మేం ఉన్నాంగా' అని లోపలికి తీసుకెళ్లకండి. వైల్డ్ వెస్ట్ స్టంట్ షోలో తుపాకీ శబ్దాలు, పేలుళ్లు ఉంటాయి. చూడాలనిపిస్తే బయటికి వెళ్లే దారికి దగ్గర్లో, వెనక వరుసల్లో కూర్చోండి. పిల్లలు చెవులు మూసుకున్నారంటే లేచి వచ్చేయాల్సిందే. శబ్దం తగ్గించే ఇయర్ మఫ్స్ ఉంటే కొంత మేలు.

కుటుంబం పెద్దదైతే రెండు జట్లుగా విడిపోవడం బెస్ట్. ఒక షోకి నాన్న, అక్క, మేనమామ.. తర్వాతి షోకి అమ్మ, అత్తయ్య. అయితే ప్రతిసారీ తాతయ్య, నానమ్మలనే పాప దగ్గర కూర్చోబెట్టడం సరికాదు. టికెట్ వాళ్లకు కూడా తీసుకున్నారు. పైగా రెండేళ్ల పిల్లల వెంట పరుగెత్తడం మోకాళ్ల నొప్పులున్న వాళ్ల వల్ల కాదు.

వండర్‌లాలో నీళ్లతో జాగ్రత్త

చిన్నపిల్లలకు నీళ్లంటే ప్రాణం. కానీ నీళ్లలో మునిగిపోయే పిల్లలు సినిమాల్లో చూపించినట్టు కేకలు వేయరు, చేతులు ఊపరు. నిశ్శబ్దంగా, నిమిషాల్లోనే అయిపోతుంది. మోకాలి లోతు నీళ్లలో కూడా బోర్లా పడిన బుడతలు తమంతట తాము లేవలేకపోవచ్చు. అందుకే పిల్లల కొలనులోనైనా సరే, చెయ్యి చాపితే అందే దూరంలో ఒక పెద్దమనిషి నీళ్లలోనే ఉండాలి. లైఫ్‌గార్డ్ ఉన్నారు కదా అని గట్టు మీద కూర్చోవద్దు. వేవ్ పూల్‌లోకి చిన్నపిల్లలను తీసుకెళ్లకపోవడమే మంచిది. గాలి ఊదే ట్యూబులు, చేతి బ్యాండ్లు ఆటవస్తువులే, అవి ప్రాణాలు కాపాడవు.

నీళ్ల ఆటలకు నూలు బట్టలు పనికిరావు. నైలాన్, లైక్రా లాంటి స్విమ్ దుస్తులే వేయాలి. తడిస్తే నూలు బట్ట బరువెక్కి పిల్లల కాళ్లకు అడ్డం పడుతుంది. అక్కడికక్కడ కొనే కంటే ఇంటి నుంచి తెచ్చుకుంటే ఖర్చు తగ్గుతుంది. మామూలు డైపర్ నీళ్లలో ఉబ్బిపోతుంది కాబట్టి స్విమ్ డైపర్ కావాలి. ఇది మలాన్ని కాసేపు ఆపుతుందే తప్ప మూత్రాన్ని ఆపదు. అందుకే తరచూ బయటికి తీసుకొచ్చి మార్చాలి. విరేచనాలు అవుతున్న పిల్లల్ని పూల్‌లో దించొద్దు. అది మిగతా పిల్లలకూ జబ్బు తెచ్చిపెడుతుంది.

పెదవులు నీలంగా మారినా, వణుకు మొదలైనా వెంటనే బయటికి తీసుకొచ్చి, తడి బట్టలు మార్చి, టవల్ చుట్టి ఏదైనా తినిపించాలి. వాటర్ రైడ్ల టైమింగ్స్ పార్క్ టైమింగ్స్‌తో పాటే ఉండకపోవచ్చు కాబట్టి ముందే చూసుకుని, నిద్ర టైమ్‌కు అడ్డం రాకుండా సర్దుకోవాలి.

ఎండ దెబ్బ.. ఈ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం వద్దు

చిన్నపిల్లల ఒళ్లు పెద్దవాళ్లకంటే త్వరగా వేడెక్కుతుంది. దాహం వేస్తోందని చెప్పడం కూడా వాళ్లకు రాదు. అందుకే అడిగినప్పుడు కాకుండా అరగంటకోసారి రెండు మూడు గుక్కలు తాగించాలి. ఆరు నెలల లోపు పసిపిల్లలకు నీళ్లు అవసరం లేదు, తల్లిపాలే ఎక్కువసార్లు ఇవ్వాలి. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు నీళ్లకు బదులు కాదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద ఎంత నీళ్లలో కలపమని ఉంటే అంతలోనే కలపాలి. చిక్కగా కలిపితే మేలు కంటే కీడే ఎక్కువ.

చాలామంది ఎండ తగలకూడదని స్ట్రోలర్ మీద చున్నీయో, దుప్పటో పూర్తిగా కప్పేస్తారు. దీనివల్ల లోపల గాలి ఆడక వేడి ఇంకా పెరుగుతుంది. పైకప్పు ఉన్న స్ట్రోలర్, వెడల్పు అంచుల టోపీ, పల్చటి నూలు బట్టలు చాలు.

పాప ఆరేడు గంటలుగా మూత్రం పోయకపోయినా, ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోయినా, నాలుక ఎండినట్టున్నా ఒంట్లో నీరు తగ్గుతోందని అర్థం. ఒళ్లు కాలిపోతూ మత్తుగా ఉన్నా, పిలిస్తే పలకకపోయినా, వాంతులు ఆగకపోయినా అది ఎండదెబ్బ కావొచ్చు. వెంటనే నీడలోకి తీసుకెళ్లి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ గాలి విసరాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. పార్క్ ఫస్ట్ ఎయిడ్ సిబ్బందికి చెప్పి, 108కి ఫోన్ చేయాలి.

పిల్లలు తప్పిపోతే మొదటి ఐదు నిమిషాలు ఏం చేయాలి?

ఎక్కువమంది పెద్దవాళ్లు ఉన్న గ్రూపుల్లోనే పిల్లలు తప్పిపోయే ప్రమాదం ఎక్కువ. అమ్మ దగ్గర ఉన్నాడని నాన్న, నాన్న దగ్గర ఉన్నాడని అమ్మ, ఇద్దరిలో ఎవరో ఒకరి దగ్గర ఉన్నాడని బాబాయ్ అనుకుంటారు. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదన్నట్టే. దీనికి ఒకటే మందు. ఏ సమయానికి ఎవరిది బాధ్యతో నోటితో చెప్పాలి. 'బాబును నీకు అప్పజెప్తున్నా, నేను టికెట్ కౌంటర్‌కి వెళ్తున్నా' అనాలి. అవతలివాళ్లు 'సరే, నా దగ్గరే ఉన్నాడు' అన్నాకే కదలాలి.

పొద్దున గేటు దగ్గరే పిల్లల ఫొటో ఒకటి ఫోన్‌లో తీసి పెట్టుకోండి. కంగారులో ఏ రంగు చొక్కా వేశామో కూడా గుర్తు రాదు. చేతికి కట్టే బ్యాండ్ మీద పేరు బదులు రెండు ఫోన్ నంబర్లు రాయండి. పేరు పైకి కనిపిస్తే ఎవరైనా పేరు పెట్టి పిలిచి దగ్గరికి తీసుకోగలరు. మూడేళ్లు దాటిన పిల్లలకు 'మేం కనిపించకపోతే అక్కడే ఆగిపో, యూనిఫాం వేసుకున్న అక్కకో, అన్నకో చెప్పు' అని రెండు మూడు సార్లు నేర్పాలి.

ఒకవేళ కనిపించకపోతే ముందు నీళ్లున్న వైపు, రోడ్డు వైపు చూడాలి. ఐస్‌క్రీమ్ బండి, బొమ్మల షాపు తర్వాత చూడొచ్చు. ఒకరు చివరిసారి చూసిన చోటే ఉండాలి. మరొకరు వెంటనే దగ్గర్లోని సిబ్బందికి ఫొటో చూపించి, గేట్లకు, అనౌన్స్‌మెంట్‌కు సమాచారం ఇవ్వమనాలి. 'కాసేపు మనమే వెతుకుదాం' అని సమయం వృథా చేయొద్దు. అవసరమైతే 112 లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కాల్ చేయాలి. దొరికాక తిట్టడం, కొట్టడం వద్దు. అలా చేస్తే మరోసారి తప్పిపోయినప్పుడు భయంతో దాక్కుంటారు.

తిండి, బ్యాగ్

పెద్ద పార్కుల్లో బయటి తిండిని సాధారణంగా అనుమతించరు. అయితే పసిపిల్లల ఆహారం, పాలు, మందుల విషయంలో రూల్ ఏంటో వెళ్లే ముందు రోజే ఫోన్ చేసి అడగండి. గేటు దగ్గర వాదించే బాధ తప్పుతుంది. లోపల దొరికే వాటిలో ఇడ్లీ, పెరుగన్నం, అరటిపండు లాంటివి పిల్లల కడుపుకు మంచివి. కొత్త రుచులు పెట్టడానికి ఇది రోజు కాదు. పాప్‌కార్న్, వేరుశనగలు, గుండ్రటి ద్రాక్షలు నాలుగేళ్ల లోపు పిల్లల గొంతులో అడ్డం పడొచ్చు. ముఖ్యంగా నడుస్తూ, పరుగెడుతూ తినేటప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ.

బ్యాగ్‌లో తప్పనిసరిగా ఉండాల్సినవి ఇవే..

- గంటకు ఒకటి కాకపోయినా, ఇంట్లో వాడే దానికంటే రెండు డైపర్లు ఎక్కువ. వైప్స్, చెత్త వేయడానికి ప్లాస్టిక్ కవర్లు.
- రెండు జతల బట్టలు. ఒక జత ఎత్తుకునే పెద్దవాళ్లకు కూడా.
- నీళ్ల సీసా, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, టోపీ, పల్చటి దుప్పటి.
- డాక్టర్ ఇంతకుముందు రాసిన జ్వరం మందు, దాని డోస్ రాసిన చీటీ.
- పాప రోజూ పట్టుకుని పడుకునే బొమ్మో, గుడ్డో. నిద్ర పట్టించడానికి ఇదే అసలు ఆయుధం.
- పవర్ బ్యాంక్. తప్పిపోయినప్పుడు ఫోన్ స్విచాఫ్ అయితే కష్టం.

స్ట్రోలర్ తీసుకెళ్తే ఈజీగా మడతపడేది చూసుకోండి. ఫిల్మ్ సిటీలో బస్సు ఎక్కిన ప్రతిసారీ దాన్ని మడవాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ఒంటికి కట్టుకునే బేబీ క్యారియర్ ఇంకా సులువు.

కారులో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు

ఫిల్మ్ సిటీకి ఎల్బీనగర్ వరకు మెట్రోలో వచ్చి, అక్కడి నుంచి బస్సు లేదా క్యాబ్‌లో వెళ్లొచ్చు. ఔటర్ మీదుగా కారులో వచ్చేవాళ్లు పెద్ద అంబర్‌పేట్ దగ్గర దిగి విజయవాడ హైవే ఎక్కాలి. ఈ రోడ్డు మీద లారీలు, బస్సుల రద్దీ ఎక్కువ. తిరుగు ప్రయాణంలో డ్రైవ్ చేసే మనిషి కూడా రోజంతా నడిచి అలసిపోయి ఉంటారన్నది మర్చిపోవద్దు.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలకు కారులో సీట్ బెల్ట్ లేదా చైల్డ్ సీట్ ఉండాల్సిందే. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా కంటే పెద్ద విషయం ఏంటంటే, ముందు సీట్లో ఒళ్లో కూర్చున్న పాప సడన్ బ్రేక్ పడితే డ్యాష్‌బోర్డుకు, పెద్దవాళ్ల ఒంటికి మధ్య నలిగిపోతుంది. వెనక సీట్లో బిగించే చైల్డ్ సీట్ వాడితే ఆ భయం లేదు. పైగా ఆ సీట్లో అలవాటైన పిల్లలు ఇంటికి వచ్చేలోగా హాయిగా నిద్రపోతారు.

అమెరికాలో మనవళ్లతో డిస్నీకి వెళ్లే తాతయ్యలు, అమ్మమ్మలకు..

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే మనవాళ్లలో చాలామంది ట్రిప్‌లో ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్ ఉంటుంది. 1971లో మొదలైన ఈ రిసార్ట్‌లో ఇప్పుడు నాలుగు థీమ్ పార్కులున్నాయి. మూడేళ్లు నిండని పిల్లలకు ఇక్కడ టికెట్ అక్కర్లేదు. డంబో లాంటి రైడ్లకు ఎత్తు పరిమితి లేదు కానీ, స్పేస్ మౌంటెన్‌కు 112 సెంటీమీటర్లు, ట్రాన్ రైడ్‌కు 122 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. బుడతలున్న తల్లిదండ్రుల కోసం రైడర్ స్విచ్ అనే పద్ధతి ఉంది. ఒకరు రైడ్ ఎక్కినప్పుడు మరొకరు పాపతో బయట ఉంటారు, ఆ తర్వాత వాళ్లు మళ్లీ పెద్ద క్యూ లేకుండా ఎక్కొచ్చు. పాలు పట్టడానికి, డైపర్ మార్చడానికి ప్రతి పార్క్‌లోనూ బేబీ కేర్ సెంటర్ ఉంటుంది. ఫ్లోరిడాలో ఎండాకాలం ఉక్కపోత మన కోస్తా జిల్లాలను గుర్తు చేస్తుంది. మధ్యాహ్నం ఉరుములతో వానలు మామూలే, అప్పుడు ఆరుబయట రైడ్లు ఆపేస్తారు. అందుకే అక్కడ కూడా పొద్దునే వెళ్లి, మధ్యాహ్నం గదికి వచ్చి పడుకుని, సాయంత్రం మళ్లీ వెళ్లే పద్ధతినే ఎక్కువమంది పాటిస్తారు.

చివరిగా..

టికెట్ ధరలు, షో టైమింగ్స్, పిల్లల ఎత్తు నిబంధనలు సీజన్‌ను బట్టి మారుతుంటాయి. కాబట్టి బుక్ చేసే ముందు ఆయా పార్కుల అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చెక్ చేసుకోవాలి. ముందు రోజు రాత్రి పాపకు జ్వరమో, విరేచనాలో ఉంటే టికెట్ పోయినా సరే వాయిదా వేయాలి. తేదీ మార్చుకునే వీలున్న టికెట్ ఉంటే, కాస్త ఎక్కువైనా చిన్నపిల్లలున్న వాళ్లు అదే తీసుకోవడం మంచిది. వెళ్లాక కూడా మధ్యాహ్నానికే పిల్లలు అలసిపోతే, మిగిలిన షోల లెక్క వేసుకోకుండా బయల్దేరడమే మంచిది. చూడకుండా మిగిలిపోయినవి రెండు మూడేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటాయి. అప్పటికి వాళ్ల ఎత్తు కూడా సరిపోతుంది.